ముందే రాసిపెట్టిన వార్త

"తేలిందా?" ఎడిటర్ ఫోన్లో అడగడం అది నాలుగోసారి.

"ఇంకా లోపలే ఉన్నారు సార్."

"వాళ్ల సంగతి సరే, నీ సంగతి చూసుకో. పోయిన రెండుసార్లూ ఆ పోటీ పత్రిక అమ్మాయే మనకంటే ముందు కొట్టింది. ఇవాళ నువ్వు ముందుంటే బిజినెస్ డెస్క్ చీఫ్ కుర్చీ నీది. లేకపోతే ఆమెనే పిలిచి కూర్చోబెడతా."

విలేకరి ఫోన్ పెట్టేసి కంపెనీ లాబీలో మళ్లీ అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాడు. పైన నాలుగో అంతస్తులో డైరెక్టర్లు సమావేశమయ్యారు. నష్టాల్లో ఉన్న సబ్బుల ఫ్యాక్టరీని మూసేయాలా, నడపాలా అన్నది తేలాలి. అతను పొద్దున్నే రెండు వార్తలూ రాసి ఫోన్లో పెట్టుకున్నాడు. ఒకదాని శీర్షిక 'మూత', రెండోదానిది 'ఊరట'. ఈ పనిలో అందరూ చేసేదే. ఏది నిజమైతే అది నొక్కాలి. నొక్కిన మరుక్షణం వెబ్‌సైట్‌లో పడుతుంది.

ఫోన్ మోగింది. అక్క. ఆ ఫ్యాక్టరీ ప్యాకింగ్ విభాగంలో పదకొండేళ్లుగా పనిచేస్తోంది.

"ఒరేయ్, నా ఉద్యోగం ఉందా, ఊడిందా?"

"తెలిస్తే నీకు చెప్పనా ఏంటక్కా?"

"నువ్వా? ముందు లోకానికి చెప్పి తర్వాత నాకు చెప్తావు. నీ పెళ్లి సంగతే పక్కింటావిడ చెబితే తెలిసింది నాకు."

నవ్వాడు గానీ, కళ్లు ఎదుటి సోఫా మీదే ఉన్నాయి. అక్కడ కూర్చున్న పోటీ పత్రిక అమ్మాయి ఫోన్ చూసుకుని దిగ్గున లేచింది. మెట్ల వైపు పరుగెత్తింది. అటు తిరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఎవరికో చెబుతోంది.

ఆమెకు తెలిసిపోయింది. ఊరట వార్తకు ఎవరూ అలా పరుగెత్తరు. అతను అక్క ఫోన్ కట్ చేసి 'మూత' నొక్కాడు. 'విశ్వసనీయ వర్గాల సమాచారం' అని అందులో ముందే ఉంది.

రెండు నిమిషాలకు ఆ అమ్మాయి తిరిగొచ్చి సోఫాలో కూలబడింది.

"మా వాడికి స్కూల్లో జ్వరం వచ్చిందట. మా ఆయన్ని పంపించా. ఇక్కడేమైనా తేలిందా?"

అతను గబగబా పక్కకు జరిగాడు. వార్త తీయించాలి. ఆఫీసుకు ఫోన్ చేశాడు. ఎంగేజ్. మళ్లీ చేశాడు. మళ్లీ ఎంగేజ్. రిసెప్షన్‌లో టీవీ మీద షేర్ల ధరల అంకెలు మారుతున్నాయి. అతను అటు చూడలేదు. ఫోన్ మీద అక్క పేరు రెండుసార్లు వెలిగింది. తీయలేదు.

అరగంటకు లిఫ్ట్ తెరుచుకుంది. కంపెనీ ప్రతినిధి కాగితం పట్టుకుని బయటికొచ్చాడు.

"ఫ్యాక్టరీ మూసేస్తున్నాం. నెలాఖరే ఆఖరు."

ఆ అమ్మాయి తన ఫోన్ వైపూ విలేకరి వైపూ చూసింది. "అరగంట ముందే వేసేశావా! ఎవరయ్యా నీకు చెప్పింది?"

ఎడిటర్ నుంచి మెసేజ్ వచ్చింది: 'కుర్చీ నీదే.'

విలేకరి ఊపిరి పీల్చుకున్నాడు. అక్క గుర్తొచ్చింది. తను మాత్రం ఏం చేయగలడు? నిర్ణయం వాళ్లది, రాయడం తనది.

తర్వాతి వార్తకు ఇంకో వివరం కావాలి. ప్రతినిధిని పక్కకు పిలిచాడు.

"లోపల ఎప్పుడు తేల్చారు సార్?"

"ఇప్పుడే. మీ వార్త పడేసరికి నడుపుదామన్నవాళ్లు ఐదుగురు, మూసేద్దామన్నవాళ్లు ముగ్గురు. అది చూసి, నష్టాలు వదులుతాయని మా షేరు పైకి లేవగానే ఇద్దరు మూత వైపు దూకారు."