ఐదో తీగ

దేవ్‌ని వెంటబెట్టుకుని రావడం పొరపాటని ఫణికి దుకాణం గుమ్మంలోనే అర్థమైంది.

ఫణికి సంగీతంలో ఓనమాలు రావు. ఆఫీసులో పక్క సీటు దేవ్ మాత్రం ఎడిసన్‌లో ఏ తెలుగు సంఘం వేడుక జరిగినా కీబోర్డ్ వాయిస్తాడు. హైస్కూల్లో చదివే కూతురు సాన్వికి మొదటి బేస్ గిటార్ కొనాలని లంచ్ దగ్గర ఫణి నోరు జారాడు. అంతే. చెవి ఉన్నవాడు పక్కన లేకపోతే వాళ్లు ఏదో ఒకటి అంటగట్టేస్తారని దేవ్ తనే బయల్దేరాడు. పిస్కాటవే నుంచి దారి పొడుగునా తన శ్రుతిజ్ఞానం గురించి చెప్పాడు. మైక్రోవేవ్ కూత ఏ స్వరమో కూడా పట్టేస్తాడట.

వెనక సీట్లో సాన్వి ఫోన్‌లోంచి తల ఎత్తలేదు.

దుకాణంలో గోడ నిండా బేస్‌లు వేలాడుతున్నాయి. పాట అడుగున బరువుగా నడిచే లావు స్వరాలు వీటివే. చాలావాటికి నాలుగు తీగలు. కొన్నిటికి ఇంకా మందంగా, ఇంకా లోతుగా పలికే ఐదో తీగ ఒకటి ఉంటుంది. సాన్వి ఏడాదిగా స్కూలు బ్యాండ్‌లో వాళ్ల నాలుగు తీగల బేస్ వాయిస్తోంది. వచ్చే నెలలో పెద్దపిల్లల బ్యాండ్‌కి ఎంపిక. ఈలోగా సొంత బేస్ కావాలి, అదీ ఐదు తీగలదే కావాలి అని ఇంట్లో పట్టుబట్టి కూర్చుంది.

దేవ్ ఆ ఐదో తీగని మొదట్లోనే కొట్టిపారేశాడు. నాలుగు సరిగ్గా మీటడం వస్తే చాలు, ఐదోది ఉత్త షోకు అన్నాడు. ఎర్రటి నాలుగు తీగల బేస్ ఒకటి దింపించి, నాదం తేనెలా ఉందన్నాడు. ఇంకోటి దింపించి, ఇది ముక్కుతో పాడుతోందన్నాడు. సాన్వి లైటు వెలిగే చిన్న ట్యూనర్ చేతిలోకి తీసుకుంటే, శ్రుతి చూసుకోవాల్సింది చెవితోనే గాని కంటితో కాదని ఫణికి క్లాసు పీకాడు. సేల్స్‌మన్ అన్నిటికీ తల ఊపాడు.

చివరికి బేస్‌కి తగిలించే స్పీకరు పెట్టెల్లో లంచ్ బాక్సంత ఆంప్ ఒకటి ఎంచి ఫణి భుజం తట్టాడు దేవ్. దీనికి హెడ్‌ఫోన్స్ తగిలించుకోవచ్చు, ఇంట్లో ఎవరికీ గోల ఉండదన్నాడు.

ఫణి ఇబ్బందిగా కూతురి వైపు తిరిగి, చేతులు తిప్పుతూ సంగతి చెప్పాడు. సాన్వి ఫోన్‌లో టకటకా ఏదో టైప్ చేసి దేవ్ ముఖం ముందు పెట్టింది.

'హెడ్‌ఫోన్స్ మీరే ఉంచుకోండి అంకుల్. మీటింగుల్లో పనికొస్తాయి.'

దేవ్ నవ్వేశాడు. కొంచెం నొచ్చుకున్నాడు కూడా.

సాన్వి గోడ చివర్నుంచి ముదురు గోధుమ రంగు బేస్ ఒకటి దించుకుంది. ఐదు తీగలది. ఎవరో వాడి అమ్మేసింది, అంచున పెచ్చు లేచి ఉంది. ఇంట్లో సాధనకని అమ్మే ఆంపుల్లోకెల్లా పెద్దదానికి దాన్ని తగిలించుకుంది. తర్వాత బూట్లు విప్పింది. సాక్స్ కూడా తీసేసి, చెక్క నేల మీద ఉత్త పాదాలతో నిలబడింది.

సేల్స్‌మన్ తెల్లబోయి చూశాడు. దేవ్ వెంటనే అందుకున్నాడు. మా సంస్కృతిలో వాద్యమంటే సాక్షాత్తూ సరస్వతీదేవి, బూట్లు వేసుకుని దాన్ని తాకనే తాకం అని వివరించాడు. సేల్స్‌మన్ తన బూట్ల వంక అపరాధిలా చూసుకున్నాడు. ఫణి కాదనలేదు.

సాన్వి ఐదో తీగ మీటింది. కిటికీ అద్దం సన్నగా వణికింది.

"ఇదేం నాదం? గుమ్మంలో ట్రక్కు ఆగినట్టుంది" అన్నాడు దేవ్.

సాన్వి మళ్లీ మీటింది. పొద్దున్నించి మొదటిసారి నవ్వింది.

ఇది ఇంటికి తీసుకెళితే పక్కవాళ్లు ఊరుకోరని దేవ్ హెచ్చరించాడు. ఆ భయం ఫణికీ ఉంది. టౌన్‌హౌస్ గోడ అవతల చంటిపిల్లాడున్నాడు. ఫణి ఆ లంచ్ బాక్సంత ఆంప్ వైపు ఒకసారి ఆశగా చూశాడు.

అప్పుడే దుకాణం ఆ చివర గడ్డం నెరిసిన పెద్దాయన ఒకాయన డ్రమ్స్ ముందు కూర్చుని, కాలితో పెద్ద డ్రమ్ మీద దరువు మొదలుపెట్టాడు. సాన్వి చటుక్కున అటు తిరిగింది. ఆయన పాదం మీంచి కళ్లు తీయకుండా వాయించసాగింది. మొదట రెండు చోట్ల తడబడింది. తర్వాత కుదిరింది. ఆయన వేగం పెంచితే తనూ పెంచింది. ఆయన తగ్గితే తనూ తగ్గింది. గిటార్లు చూసుకుంటున్నవాళ్లు ఒక్కొక్కరే చేతిలోవి కిందపెట్టి చూడసాగారు. దేవ్ మాత్రం ఏ చెక్కకి ఎలాంటి నాదం వస్తుందో సేల్స్‌మన్‌కి చెబుతూనే ఉన్నాడు.

పెద్దాయన ఆగిన చోటే సాన్వీ ఆగింది.

ఇదే కావాలి, ఆ పెద్ద ఆంప్ కూడా అని ఫణి సేల్స్‌మన్‌తో చెప్పేశాడు.

"తొందరపడకు ఫణీ. నా చెవి మీద నమ్మకముంటే..."

"పిల్లకి కుదిరింది దేవ్. చాలు."

పెద్దాయన డ్రమ్ కర్రలు చంకలో పెట్టుకుని వాళ్ల దగ్గరికి వచ్చాడు. జీవితమంతా బ్యాండ్లలోనే గడిపాడట. సాన్వి వంక ఒకసారి చూసి, ఫణి చెయ్యి పట్టుకుని ఊపాడు.

"ఈ రోజుల్లో పక్కవాడు వాయించేది ఎవరూ వినరు. మీ అమ్మాయి నా ప్రతి దెబ్బా విన్నది."

గొంతు పూడుకుపోయినా ఫణికి ఇబ్బంది లేకపోయింది. పుట్టుకతోనే వినికిడి లేని కూతురికి ఆ మాటలు చెప్పడానికి చేతులు చాలు.