ముక్కు దారి

“ముక్కు ఆపరేషన్ అందం కోసం చేసేదమ్మా. దానికి బీమా రాదు,” అన్నాడు బిల్లింగ్ కౌంటరు గుమాస్తా.

నా పక్కన కూర్చున్న మావారి ముక్కునిండా దూదే.

“అందమా! ఆ ముక్కుకేసి ఒకసారి చూసి మాట్లాడు బాబూ,” అన్నాను. “గడ్డ ఉన్నది తలలో, పుర్రె అడుగున. డాక్టరుగారు ముక్కులోంచి వెళ్లి తీశారు.”

“పుర్రె కోశారా?”

“కోయకుండా తీశారనేగా ఆయనకి దణ్ణం పెట్టాం!”

“కోయందే తల ఆపరేషన్ అని రాయలేనమ్మా. కాగితంలో ముక్కు అనే ఉంది.”

“తిన్నగా వెళ్లడం డాక్టరుగారి తప్పా? ముక్కేదంటే తల చుట్టూ తిప్పి చూపించే రకంలా ఉన్నావే!”

మావారు మెల్లగా ముందుకు వంగి, బీమా కాగితం అడుగున చీమ తలకాయంత అక్షరాలు చదివారు. “‘చూపు పోయే ప్రమాదముంటే ముక్కు ఆపరేషన్‌కీ వర్తిస్తుంది’ అని ఉందిగా?”

నేను గబుక్కున ఆయన వైపు తిరిగాను. ఆ గడ్డ కంటి నరాన్ని నొక్కేయడంతో మొన్నటిదాకా ఆయనకి నా మొహమే ఆనేది కాదు.

“ఏవండీ, మీకు కనిపిస్తోందా!”

గుమాస్తా కాగితం వెనక్కి లాక్కున్నాడు.

“చూపొచ్చిందా? ఆ ముక్క ముందే చెప్పొద్దా అమ్మా? కళ్ల ఆపరేషన్లకి పక్క కౌంటరు.”