కోట గోడలో నీడ

“ఇది కోటా, పెళ్లి కేకా?” అంది స్తమేనా, కొండ మీది మేస్త్రీలందరికీ వినబడేలా.

కోడలు రలిత్సకు నవ్వాగలేదు. బుట్ట దించి, గోడవార భర్త యావోర్ పక్కన నిలబడింది. పెళ్లై నెల. సున్నం అంటుకున్న అతని కనురెప్పలు, రాళ్ల సందున పూసిన ఎర్రటి పువ్వులు, ఇద్దరూ ఒకే గిన్నెలో తినే చిక్కుడుగింజల పులుసు... ఈ నెలలో ఆమెకు ముద్దు రానిదేదీ లేదు, అత్త నోరు తప్ప.

బల్గేరియాలో చాలా కొండలకు ఉన్నట్టే ఆ కొండకూ ఓ రోమన్ల కాలపు కోట ఉంది. పాత పునాదుల మీద తెల్లటి కొత్త రాళ్లు పేర్చి, పర్యాటకులు వస్తారని మళ్లీ కడుతున్నారు. మూల బురుజు ఇప్పటికే రెండుసార్లు వానకు కూలింది. మూడోసారి కూలితే పెద్దమేస్త్రీ పెన్యోకూ, అతని కింద యావోర్‌కూ పని పోయినట్టే.

రలిత్స గిన్నె ఖాళీ చేసి తిరిగి చూసేసరికి, అత్త పెన్యో మీద విరుచుకుపడుతోంది. ఎవరి మీద పడదు గనక!

ఇంటికొచ్చాక కోడలి మీద పడింది. “రేపట్నుంచి బుట్ట నేనే మోస్తా. నువ్వు ప్రతి పువ్వునీ పలకరించుకుంటూ ఎక్కేసరికి పులుసు చల్లారి చస్తోంది.”

“లేదత్తయ్యా, పరిగెత్తుకుంటూ వెళ్తాను!”

“పరిగెత్తి ఒలకబొయ్యి! కొండ వైపు కాలు పెట్టావంటే ఊరుకోను.”

రలిత్స కళ్లలో నీళ్లు తిరిగాయి. రోజు మొత్తంలో ఆమె ఎదురుచూసేది ఆ మధ్యాహ్నం కోసమే.

మర్నాడు పక్కింటి కేరా పెరటి గోడ మీంచి తొంగి చూసింది. “స్తమేనా, కొండ మీదికి వెళ్లకే. పెన్యో జేబులో దారం పెట్టుకు తిరుగుతున్నాడట. దాంతో మనిషి నీడ కొలిచి, ఆ దారాన్ని బురుజులో పెడితే గోడ నిలబడుతుంది. ఆ మనిషి మాత్రం ఏడాది తిరక్కుండా పోవడం ఖాయం.”

“కొలిస్తేనే చస్తే, దర్జీలంతా హంతకులేనే!” అని స్తమేనా బుట్ట ఎత్తుకుంది.

రోజూ వెళ్లింది. బురుజు దగ్గర నడుం మీద చేతులేసుకుని నిలబడి, “ఒరే పెన్యో, మీ తాత పందుల దొడ్డి ఇంతకంటే గట్టిగా కట్టాడ్రా” అని దెప్పేది. కోడల్ని మాత్రం గుమ్మం దాటనివ్వలేదు.

వానలొచ్చాయి. బురుజు కదల్లేదు.

ప్రారంభోత్సవం నాడు పెన్యో రకియా తాగి ఊగిపోతున్నాడు. రలిత్స దగ్గరకొచ్చి, “ఇక కూలదు! లోపల స్తమేనా నీడ ఉంది!” అని గొప్పలు పోయాడు.

రలిత్సకు ఒళ్లు మండిపోయింది. ఆ నమ్మకమంటే ఆమెకు నవ్వే. అయినా పెన్యో చొక్కా పట్టుకుంది. “నోరు పెద్దదని ఆవిడ ప్రాణం మీదికి తెస్తావా? సిగ్గులేదూ?”

పెన్యో తల దించుకున్నాడు.

“మొదట నేను కొలిచింది నీ నీడ, తల్లీ. మీ అత్త ఆ దారం లాక్కుని పళ్లతో తెంచేసి, ‘నాది కొలుచుకో’ అని ఎండలో నిలబడింది.”