గ్లూకోజ్ సీసా

"నొప్పులు పెరిగే మందు ఎక్కించి రెండు గంటలైంది. ఇంకా ఇంతేనా?" అంటూ డాక్టరమ్మ లోపలికొచ్చింది.

పొద్దుట్నుంచీ పురిటి మంచం మీదున్న చెల్లెలు, నెత్తిన వేలాడుతున్న సీసా వంక చూసింది. "గ్లూకోజ్ అన్నావు కదక్కా!"

అక్క ఆ ఆసుపత్రిలోనే నర్సు. చుక్కలు లెక్కపెడుతున్నట్టు మొహం తిప్పుకుంది. "నీ మంచికేనే. ముందే చెబితే ఒప్పుకునేదానివా?"

"నన్నడక్కుండా సూది కూడా ముట్టుకోనని ఒట్టేశావు. ఆ మాట నమ్మేగా ఇక్కడికొచ్చాను! నమ్మించి గొంతు కోస్తావా?"

అంతలో నడుం విరిగిపోయేలా నొప్పి వచ్చింది. అక్క చెయ్యి చాచింది. చెల్లెలు మంచం ఇనుప కమ్మీని పట్టుకుంది.

"మీ అక్క చెయ్యి పట్టుకో తల్లీ," అంది డాక్టరమ్మ.

"మా అక్కెక్కడుంది డాక్టరుగారూ?" పంటి బిగువున అంది చెల్లెలు. "ఈవిడ మీ నర్సు."