మీదికి పోయే గాలి

ఎల్లేశ్ చేయి లేచింది. గాలిబుగ్గలమ్మేవాడి పెదవి చిట్లింది.

చేతిలోని దారం జారి ఎర్ర బుగ్గ ఒకటి గేటు దాటి ఆకాశంలోకి పోయింది.

"చూసినవా బిడ్డా," అన్నాడా మనిషి నెత్తురు తుడుచుకుంటూ. "మీదికే పోయింది. లోపల మీ అయస్కాంతాలను సల్లగజేసేది గీ బుగ్గల గ్యాసే. పైపు పగిల్తె గది గూడ మీదికే పోతది. నిచ్చెన ఎక్కొద్దు. నేల మీద పాకుండ్రి."

"ఇంకోపారి గేటు కాడ కనవడితే కాళ్లిరగ్గొడత."

"ఇరగ్గొట్టు. జర ఇన్నంక ఇరగ్గొట్టు."

వెనకున్న పనివాడు పోశాలు నవ్వాడు. "మేస్త్రీ, బుగ్గలాయన సైన్సు జెప్తుండు. మహీధర్ సారు కుర్చీ ఖాళీ జేయాలె ఇగ."

భూపాలపల్లి అడవి అంచున గుట్టను తొలిచి, కంటికి కనపడని కణాలను ఒకదానితో ఒకటి గుద్దించే యంత్రం పెట్టారు. సృష్టి ఎట్లా పుట్టిందో కనిపెడతారట. అందులో పని చేసేవాడు ఎట్లా చస్తాడో చూసే తీరిక మాత్రం ఎవరికీ లేదు.

పైపులు బిగించేది తరిగొప్పుల నుంచి వచ్చిన బావిపనివాళ్లు. వాళ్ల మేస్త్రి ఎల్లేశ్. బావిలో చెడుగాలి అడుగున ఉంటుంది. ఊపిరాడకపోతే పైకెక్కాలి. తాతల నుంచి వాళ్లకు తెలిసింది అదే. ఇక్కడి గాలి వేరని చెప్పిన పెద్దసారు ఒక్కడూ లేడు.

గాలి తగ్గితే మోగే గంట ఒకటి లోపల ఉంది. ఊరికే రోజుకు పదిసార్లు మోగేది. మోగినప్పుడల్లా పని ఆగేది. "దాని నోరు మూయించవయ్యా," అన్నాడు మేనేజర్ మహీధర్. ఎల్లేశే దాని నోట్లో గుడ్డలు కుక్కాడు.

"ఆర్నెల్ల కింద రాకేష్ అని ఒక పిలగాడు సచ్చిండు గదా," అన్నాడు బుగ్గలవాడు. "నేల మీద పడ్డోళ్లు బతికిండ్రు. నిచ్చెన మీదున్నోడు సచ్చిండు. గిట్లెందుకైందని అడిగినవా?"

ఎల్లేశ్ ముఖం మాడింది. ఆనాడు "పైకెక్కురా" అని అరిచింది తనే. తర్వాత "తాగి ఉండె" అని సంతకం పెట్టిందీ తనే. శవాన్ని ఏ ఊరికి పంపారో కూడా అడగలేదు.

"వాడు తాగి పడ్డడు," అని కడుపులో తన్నాడు. "ఏ పేపరోడు పంపిండు నిన్ను?"

ఆ మనిషి దుమ్ములో ముడుచుకుపోయాడు. గేటు కావలివాడు లాఠీతో వీపు మీద రెండు వేసి రోడ్డు దాకా ఈడ్చాడు.

గంటసేపు కూడా కాలేదు.

సొరంగంలో ఎల్లేశ్, పోశాలు పని చేస్తున్న చోట పైపు అతుకు బాంబులా పేలింది. ఎగిరివచ్చిన ఇనుపరేకు పోశాలు భుజాన్ని చీరింది. తెల్లటి పొగ కమ్మింది.

గంట మోగలేదు. దాని నోట్లో గుడ్డలున్నాయి.

"నిచ్చెన. నిచ్చెన ఎక్కు," అని అరిచాడు ఎల్లేశ్. ఆ గ్యాసు పీల్చిన గొంతు చంటిపిల్లవాడిదిలా కీచుమంది. అది తన గొంతేనని అతనికే తెలియలేదు.

ముందు పోశాలు, వెనక ఎల్లేశ్. పది మెట్లెక్కేసరికి తల తిరిగింది.

ఎవరో కాలు పట్టుకున్నారు.

బుగ్గలవాడు. పేలుడుకు కావలివాడు పారిపోతే, తెరిచి ఉన్న గేటులోంచి వచ్చాడు.

ఎల్లేశ్ మడమతో అతని ముఖం మీద తన్నాడు. పళ్లు రాలాయి. పట్టు వదల్లేదు. మళ్లీ తన్నాడు. ముక్కు పచ్చడైంది. అయినా వదల్లేదు. చేతికందిన పానా తీసి ఆ మనిషి ఎల్లేశ్ మోకాలి కింద ఒక్కటేశాడు.

ఎముక విరిగింది. ఎల్లేశ్ దబ్బున నేల మీద పడ్డాడు. నొప్పికి నోరు తెరిచాడు.

గాలి అందింది. నేల మీద గాలి ఉంది.

"పాకు," అన్నాడా మనిషి నెత్తురు ఉమ్మి.

తర్వాత పైకి చూశాడు. పోశాలు చివరి మెట్టుకు మెడ వాల్చి వేలాడుతున్నాడు. అక్కడ ఏ గాలి ఉందో ఆ మనిషికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అయినా ఊపిరి బిగబట్టి ఎక్కాడు.

అతను మెట్టు నుంచి విడిపిస్తే పోశాలు వచ్చి ఎల్లేశ్ పక్కన పడ్డాడు. విరిగిన కాలు ఈడ్చుకుంటూ, పోశాలును నడుం బెల్టు పట్టి లాక్కుంటూ ఎల్లేశ్ పాకాడు.

బుగ్గలవాడు దిగలేదు.

మర్నాడు దవాఖానలో మహీధర్ కాగితం తెచ్చాడు.

"దొంగ ఒకడు జొరబడ్డాడు. పైపు పగలగొట్టాడు. నీ కాలు విరగ్గొట్టాడు. సంతకం పెట్టు."

"పైపు ఆయన పగలగొట్టలే సారు."

"కాలు విరగ్గొట్టింది నిజమే కదా. పోయినసారి పెట్టినట్టే పెట్టు."

పక్క మంచం మీద పోశాలు కళ్లు మూసుకున్నాడు. ఎల్లేశ్ పెన్ను కాగితం మీద పెట్టి ఆపాడు. "పేరు కాడ ఖాళీ ఉంది సారు."

"గుర్తు తెలియని వ్యక్తి అని రాయి."

గుమ్మంలో ఒక లంబాడీ ఆమె నిలబడి ఉంది. చేతి సంచిలో ఊదని బుగ్గలు. లోపలికి వచ్చి ఎల్లేశ్ కాలి కట్టు వంక చాలాసేపు చూసింది.

"అతుకుతదంటనా బిడ్డా?"

"అతుకుతదట అవ్వా. నువ్వెవరు?"

"గా పేరు నేను జెప్త, రాసుకో. జైసింగ్. నర్సింహులపేట కాడ తండా."

ఎల్లేశ్ రాశాడు. మహీధర్ కాగితం లాక్కోబోతే విడవలేదు.

ఆమె కొంగుతో మంచం పట్టె మీది నెత్తురు మరక తుడిచి, మెల్లగా అంది. "పక్కకు, రాకేష్ నాయిన అని గూడ రాయి."