తీసేసిన గోల

కాశీబుగ్గ బస్టాండు ఎదురుగా హేమంత్ స్టూడియో.

మధ్యాహ్నం ఒక ముసలాయన వచ్చి, సంచిలోంచి పాత డీవీడీ తీశాడు.

"వజ్రపుకొత్తూరు సంబరం బాబూ. బొమ్మ అక్కర్నేదు. సౌండొక్కటీ తీసి పెన్‌డ్రైవులో ఎయ్యాల."

"ఎంపీత్రీ చేసిస్తాను."

"వద్దు. అది కుదించేత్తాదంట కదా. ఏదీ పోకుండా, ఉన్నదున్నట్టు గావాల."

"అయితే వేవ్ ఫైలు. సరే."

డీవీడీ అందిస్తుంటే ఆయన చొక్కా చెయ్యి పైకి జరిగింది. డయాలసిస్ సూదులకు ఉబ్బిపోయిన నరం కనబడింది. హేమంత్ చూపు గోడ మీది అమ్మ ఫోటోకు పోయింది.

"మా అమ్మకీ ఇదే జబ్బు. నేను పసోణ్ణిగా ఉన్నప్పుడే పోయింది."

"ఎవులూ కిడ్నీ ఇవ్వనేదేటి?"

"మా మేనమావ ఇస్తానని ఒప్పుకున్నాడంట. ఆపరేషన్ ముందు పారిపోనాడు. ఆడి మొహం కూడా నాకు తెలీదు. మా నాన్న ఇంట్లో పేరెత్తనివ్వడు."

ముసలాయన డీవీడీని పంచె కొంగుతో తుడిచి, బల్ల మీదున్న హేమంత్ పెళ్లి శుభలేఖల పక్కన పెట్టి వెళ్లాడు.

ఎవరి డీవీడీ వచ్చినా హేమంత్‌ది ఒకటే పద్ధతి. ముందు జనం గోల తుడిచేసి పాటను తేటగా చేస్తాడు. దాన్ని ఎంపీత్రీగా దాచుకుని, అసలుది తీసేస్తాడు. వేవ్ అడిగినవాళ్లకు ఆ ఎంపీత్రీనే మళ్లీ పెద్ద ఫైలుగా మార్చి ఇస్తాడు. సైజు చూసి అందరూ మురిసిపోతారు.

సాయంత్రం ముసలాయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. తప్పెటగుళ్ల పాట మొత్తం విని కళ్లు తెరిచాడు.

"మద్దిలో ఒక ఆడమనిషి 'సిన్నోడా, ఇటు రారా, పడిపోతావు' అంటాది. అదేది?"

"అది గోల కదా తాతా. తీసేశాను. పాట ఎంత తేటగా ఉందో చూడు."

"పాట నాకెందుకు నాయినా. ఆ మాటే గావాల."

హేమంత్ గబగబా డిస్కు మళ్లీ పెట్టాడు. తిరగలేదు. బయటికి తీసి మళ్లీ తోస్తే, లోపల పటుక్కుమని పగిలింది.

"ఇంకో కాపీ ఉందా?"

"నేదు. ఊరూరూ తిరిగితే ఇదొక్కటే దొరికినాది."

చేతిలో ఉన్న ఫైలు చాలా పెద్దది. పోయిన గొంతు మాత్రం అందులో లేదు.

"నీ తప్పు కాదు. నానే సరిగ్గా సెప్పనేదు," అని ముసలాయన పెన్‌డ్రైవు జేబులో వేసుకుని మెట్లు దిగిపోయాడు.

పెళ్లి దగ్గర పడుతుండగా ఒకామె స్టూడియోకు వచ్చింది. బొట్టు లేదు. ఆ పెన్‌డ్రైవే బల్ల మీద పెట్టింది.

"మా ఆయన పోనాడు. ఇది నీకిమ్మన్నాడు."

"నాకెందుకమ్మా?"

"నీ పెళ్లికి ఇద్దామనే ఆ డీవీడీ ఎతికినాడు. అందులో పిలిసినది మీయమ్మ. ఆ సిన్నోడివి నువ్వే."

అమ్మ గొంతు ఎలా ఉంటుందో హేమంత్‌కు తెలియదు. ఇక తెలిసే దారీ లేదు. తన చేత్తోనే తుడిచేశాడు.

పెన్‌డ్రైవు చేతిలోకి తీసుకుని అడిగాడు.

"ఆయన మాకేమవుతాడు?"

"నువ్వు పారిపోనాడన్న మావే బాబూ," అందామె. "ఆపరేషన్‌కి ముందు టెస్టులు సేత్తే ఆయన కిడ్నీలూ అప్పటికే పాడైపోనాయని తేలినాది, మీ నాన్న నమ్మనేదు."