వేలి మీద చుక్క

ఆ ముసలామె లోపలికి రాగానే వరసలో ఉన్న ఆడవాళ్లు మాటలాపి గోడవైపు తిరిగారు.

ఒకామె చంకలోని బిడ్డ కళ్లకు కొంగు అడ్డం పెట్టింది.

మహానందికి ఏమీ అర్థం కాలేదు. అతను కర్నూలులో బడిపంతులు. వాళ్లింట్లో బి.ఎ. మొహం చూసిన మొదటివాడు. యాభై ఐదు ఎన్నికలకు డోన్ అవతల నల్లగుట్టపల్లె బడిలో ఓట్లు వేయించమని పంపారు. ఒక్క తప్పూ దొర్లకూడదని పొద్దున్నించీ మంచినీళ్లు కూడా తాగకుండా కూర్చున్నాడు.

"పేరేంటమ్మా?"

"ఉరుకుందమ్మ నాయనా."

"భర్త పేరు?"

"నేను చెప్పగూడదు గదా. పట్టీలో నువ్వే చదువు."

చదివాడు. ఓటరు నంబరు నూట పద్నాలుగు. ఉరుకుందమ్మ, భర్త గిడ్డన్న.

"గిడ్డన్నేనా?"

ఆమె సిగ్గుపడుతూ తలూపింది.

మహానంది సిరాబుడ్డి మూత తీశాడు.

"ఆగు సారూ."

అభ్యర్థుల ఏజెంట్ల బెంచీ మీది నుంచి కాశన్న లేచాడు. నిచ్చెన గుర్తు తరఫు మనిషి. అంతవరకూ పక్కనున్న గడియారం గుర్తు కంబన్నను ఆడిస్తున్నాడు. "మన ఊర్లో గడియారం చూసేటోడు యాడుండాడప్పా? నిచ్చెనైతే గడ్డివామి కాడికన్నా పనికొస్తాది" అని బెంచీనంతా నవ్వించాడు.

ఇప్పుడతని మొహంలో నెత్తురు లేదు.

"ఉరుకుందమ్మ సచ్చిపోయి మూడేండ్లాయ సారూ. కరువులో గంజి కేంద్రానికని పోయింది. మళ్ల రాల్యా. ఏడాది చూసి, జొన్నదంటుతో బొమ్మ చేసి కాల్చినారు. దినం కూడా అయిపాయ. ఊరంతా తినిరి."

"మరి ఈమె ఎవరు?"

కాశన్న తల ఎత్తలేదు.

"యాడ సారూ? నాకెవరూ కనపడల్యా."

మహానంది వరస వైపు చూశాడు. "ఈమెను ఎరిగినవాళ్లు ఎవరన్నా ఉన్నారా?"

ఒక్క తల కూడా తిరగలేదు.

వాకిట్లో ఉన్న తలారి చిన్న ఈరన్న దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "కర్మ అయిపోయినోళ్లు తిరిగొస్తే చూడగూడదు సారూ. పలికితే ఆ ఇంట్లో ఇంకో పానం పోతాది."

మిట్టమధ్యాహ్నం. బయట బండలు పగిలే ఎండ. అయినా మహానంది వీపు చల్లబడింది.

దయ్యాలకు పాదాలు వెనక్కి ఉంటాయని అవ్వ చెప్పేది. వద్దనుకుంటూనే కిందికి చూశాడు. చీర కుచ్చెళ్లు నేలను రాస్తున్నాయి. పాదాలు కనబడలేదు.

"జరమొచ్చి పడిపోతే ఎవరో బండ్లో ఏసుకొని మంత్రాలయం తీసకపోయిరి నాయనా. మఠం కాడ ఇంత తిని బతికినా. ఓట్లని దండోరా ఏస్తిరి. పట్టీలో పేరుంటే మనిషి ఉన్నట్టేనంట. నాలుగు దినాలు నడిచొచ్చినా. నిచ్చెన బొమ్మున్న పెట్టెలో ఏస్తా."

"అది బయటికి చెప్పకూడదమ్మా."

ఆక్షేపణ ఉంటే రాసివ్వాలని కాశన్నకు కాగితం ఇచ్చాడు. కాశన్న నిలబడే రాశాడు. పాళీ రెండుసార్లు కాగితాన్ని చించింది. వాకిలి దాటి వరస పెరిగిపోతోంది. మహానంది ఆ కాగితాన్ని చదవకుండానే మడిచి కవరులో పెట్టాడు. నూట పద్నాలుగు పక్కన ఎర్రసిరాతో 'మృతి' అని రాశాడు.

"ఓటు లేదమ్మా."

"వద్దులే నాయనా. ఆ నల్లచుక్కన్నా పెట్టు. సచ్చినోళ్లకు పెట్టరు గదా. అది చూపిచ్చి ఇంట్లోకి పోతా."

ఎడమచేతి వేలు చాపింది.

"ఓటు లేకుండా చుక్క పెట్టే రూలు లేదమ్మా."

ఆ వేలు కాసేపు అలాగే ఉంది.

తర్వాత ఆమె వెళ్లిపోయింది. ఆమె నడిచిన చోట బండల మీద తడి అడుగులు. మహానంది వంగి చూశాడు. నెత్తురు. పగిలిన మడమల గుర్తులు. వేళ్లు వాకిలి వైపే ఉన్నాయి, అందరి పాదాలకు ఉన్నట్టే.

పిలుద్దామని నోరు తెరిచాడు. ఇంతలో ఎవరో చెంబుతో పసుపునీళ్లు తెచ్చి ఆ అడుగుల మీద పోశారు. మహానంది నూట పదిహేనును పిలిచాడు.

తాలూకా కచేరీలో లెక్కింపు జరిగింది. నిచ్చెన ఓడిపోయింది.

ఒక్క ఓటుతో.

మళ్లీ లెక్కపెట్టారు. ఒక్కటే. ఆక్షేపణ కాగితాలేమన్నా ఉంటే తెమ్మని పై అధికారి మహానందిని పిలిపించాడు.

వరండాలో కాశన్న గోడకానుకొని నిలబడి ఉన్నాడు. గడ్డం మాసిపోయింది.

"సారూ, ఆ పొద్దు నేను తలెత్తల్యా. నువ్వన్నా చూసినావా, ఆమె పాదాలు ఎటు తిరిగుండె?"

"ముందుకే ఉన్నాయి. నెత్తురు కారుతోంది."

కాశన్న మెల్లగా కింద కూర్చున్నాడు.

"తెల్లారి మంత్రాలయం పోతి. మఠంలో లేదు. దావలో ఊరూరా అడిగితి. అట్లాంటి మనిషిని ఎవరూ చూడలేదంటాండారు."

"అంత వెతకడానికి ఆమె నీకేమవుతుంది?"

కాశన్న మహానంది చేతిలోని కవరు వైపు చూశాడు.

మహానంది కవరు చించి, ఆరోజు చదవకుండా మడిచిన కాగితం విప్పాడు. అక్కడక్కడా చిరిగిన ఆ కాగితం మీద రెండే వాక్యాలు ఉన్నాయి.

'పై ఉరుకుందమ్మ చనిపోయిన మాట నిజము. ఆమె బొమ్మకు తలకొరివి పెట్టినది ఆమె ఒక్కగానొక్క కొడుకునైన నేనే, గిడ్డన్న కుమారుడు కాశన్న.'